జమ్మి ఆకు పెట్టిన పేజీ

ముబారక్‌లు తర్వాత చెప్పుండ్రి గానీ, ముందు ఆ చాయ్ చల్లారకముందే తాగుండ్రి. ఇయ్యాల చాయ్ నాది. యాదగిరి ఇంగ్లీష్ గుమస్తా అయిండు, బారిస్టర్ సాబ్ పక్కన కుర్చీ ఏసుకొని కూసుంటుండు అని మీరంతా ఖుషీగ ఉన్నరు గదా? ఆ కుర్చీ నాకు ఎట్ల దొరికిందో వింటే మీ చాయ్ ముక్కులకెళ్ళి వస్తది. మొన్న దసరాకు నా ఇజ్జత్ మొత్తం పోయింది. పోయిన ఆ ఇజ్జతే నాకు నౌకరి ఇప్పిచ్చింది. మొదటికెళ్ళి చెప్త, నడుమల నవ్వకుండ్రి. నర్సింగన్నా, నీకే చెప్తున్న!

మా బారిస్టర్ సాబ్ మీకు ఎరుకే. నయాపూల్ కాడ దఫ్తర్, విలాయత్ పోయి చదువుకొచ్చిన మనిషి. మూడేండ్లకెళ్ళి ఆయన కాడ నేను ఉర్దూ కాయితాలు నకలు రాసే గుమస్తాను. ఇంగ్లీష్ ఉత్తరాలు రాసే ముసలాయన వేరే ఉండె. ఆయన ఇగ నాతోని కాదు, మా ఊరికి పోత అన్నడు. ఆ కుర్చీ ఖాళీ అయితదని తెలిసిన దినమే మా బాపు సాబ్ ఇంటికి పాలు పోయబోయి అడగనే అడిగిండు.

"సర్కార్, ఆ కుర్చీ మావోనికి ఇప్పియుండ్రి. తాతల కాలంకెళ్ళి మా ఇంట్ల బర్ల తోకలు పట్టుకునుడే అయింది. వీడన్న కలం పట్టుకోని."

సాబ్ నన్ను పిలిచి, "ఇంగ్లీష్ ఎంత వస్తది?" అన్నడు.

"జర జర వస్తది సాబ్" అన్న.

అబద్ధం! నా చదువంతా ఉర్దూల అయింది. ఇంగ్లీష్‌ల నాకు వచ్చింది రెండే, నా పేరు రాసుడు, దాని మీద 'యువర్ ఒబీడియంట్ సర్వెంట్' అని రాసుడు. సాబ్‌కు ఆ సంగతి నా మొఖం చూస్తేనే సమజ్ అయినట్టుంది. లోపలికి పోయి ఇటుక అంత కితాబ్ ఒకటి తెచ్చి నా చేతుల పెట్టిండు.

"దేఖో యాదగిరీ, ఇది మా బేగం సాబ్ కితాబ్. చిన్నప్పుడు దొరసాని టీచర్ కాడ చదువుకున్నది. అసలైన ఇంగ్లీష్ అంటే గిదే. మూడు నెలలు నీ తాన పెట్టుకొని చదువు. దసరా సెలవులైనంక ఇంతెహాన్. పాస్ అయితే కుర్చీ నీది, లేకుంటే సికింద్రాబాద్‌కెళ్ళి ఒకాయన వస్తనంటుండు. ఇంకో మాట. దీని మీద ఒక్క మరక పడ్డదనుకో, నీ సంగతి పక్కకు పెట్టు, మా ఇంట్ల నా గతి ఏమైతదో నాకే తెల్వదు."

ఆ మాట నేను అప్పుడే చెవిల పెట్టుకోవాల్సి ఉండె.

ఇంటికొచ్చి తెరిచిన. తోలు అట్ట, బంగారు అక్షరాలు, విలాయత్‌ల ఎప్పుడో వందేండ్ల కింద రాసిన నవల. ఒక దొర, ఒక దొరసాని, వాళ్ళ లగ్గం కుదురుడు నాలుగు వందల పేజీలు! మన తాన అయితే పెద్దమనుషులు నలుగురు కూసుంటే ఒక్క పొద్దుల అయిపోయే పని. ఒక్కొక్క లైను రైలుబండి లెక్క పోతనే ఉంటది. మొదటి లైన్ల నాకు వచ్చిన మాటలు మూడు: 'ది', 'ఆఫ్', 'అండ్'. మిగతావన్నీ చుట్టాలు కాని మొఖాలే.

పరేషాన్ అయి మా గల్లీ చివర ఉండే మార్తమ్మ టీచర్ కాడికి పోయిన. మిషన్ స్కూల్ల చెప్తది. మా పాలు పోసే ఇల్లే. ఆమె డిక్షనరీ చూసుడు నేర్పి ఒక కిటుకు చెప్పింది.

"యాదగిరీ, అర్థం ఒక్కటే బట్టీ పడితే పొద్దుగూకేసరికి మర్చిపోతవ్. కొత్త మాట దొరకంగనే నీకు ఎరుకైన మనిషి మీద ఒక వాక్యం రాయి. ఉన్నది ఉన్నట్టు, వివరంగ రాయి. మనిషి యాదుంటే మాట యాదుంటది. మా పిల్లలకు నేను గిట్లనే చెప్త."

మంచి మాటే. గానీ ఎక్కడ రాయాలె? లడాయి రోజులు, బజార్ల కాయితం దొరుకుతుందా మీకు? దఫ్తర్‌ల వచ్చిన లిఫాఫాలనే తిప్పి అంటించి మల్ల పంపుతున్నం. ఆ కితాబ్ చూస్తేనేమో ప్రతి పేజీకి నాలుగు దిక్కుల అంచు, తెల్లగ, వెడల్పుగ, ఖాళీగ! చూస్తుంటేనే చెయ్యి గుంజింది. పెన్సిల్‌తోని సన్నగ రాసి, ఇంతెహాన్ ముందర బేకరీల దొరికే డబల్ రొట్టెతోని తుడిచేస్త అనుకున్న. రబ్బర్ గూడ దొరకని కాలమాయె. డబల్ రొట్టె లోపలి మెత్తటి ముద్దతోని రుద్దితే పెన్సిల్ రాత మంచిగ పోతదని మా ముసలి గుమస్తానే చెప్పిండు. ఇగ ఫికర్ ఏంది?

మొదట్ల మంచిగనే రాసిన. 'గ్రేస్‌ఫుల్' అంటే నడకల అందం ఉండుడు. మా నల్లబర్రె గ్రేస్‌ఫుల్ అని రాసిన. 'స్టబర్న్' అంటే మొండిది. దానికీ నల్లబర్రెనే. 'ఎలొక్వెంట్' అంటే మాటకారి, అది నీ మీద నర్సింగన్నా. 'గాసిప్' గూడ నీ మీదనే, ఏమనుకోకు.

నిజంగనే మాటలు యాదుండబట్టినయి! నాకే నమ్మబుద్ధి కాలే. బర్రెకు నీళ్ళు పెడుతుంటే 'స్టబర్న్' యాదికొస్తది, నువ్వు గల్లీల కనవడితే 'గాసిప్' యాదికొస్తది.

గట్లనే నడిస్తే బాగుండు. ఒకనాడు దఫ్తర్‌ల కేసు కాయితాల కట్ట ఒకటి కనవడలే. సాబ్ నలుగురి ముందట నన్ను పట్టుకొని ఒర్లిండు చూడు, నేను భూమిలకు పోయిన. ఆఖరికి ఆ కట్ట ఏడ ఉండె? ఆయన కుర్చీ కిందనే ఉండె! మాఫ్ చెయ్ అన్న మాట గూడ లేదు. ఇంటికొచ్చి, అన్నం గూడ తినకుంట కితాబ్ తెరిచిన. ఆ పేజీల ఆ దొర ఎవరినో తిడుతుండు. దేవుడు పంపించినట్టు మాటలు దొరికినయి!

'టైరంట్', అంటే జాలిమ్, జులుం చేసేటోడు. మా బారిస్టర్ సాబ్ టైరంట్, శుక్రారం జుమ్మా సెలవు నాడు గూడ పనికి పిలుస్తడు. 'పాంపస్', అంటే ఉత్త బడాయి. సాబ్ కోర్టుకు నడుస్తుంటే ముందు కడుపు వస్తది, ఎనుకసీరి ఆయన వస్తడు. 'గ్లటన్', అంటే తిండిపోతు. ఒక్క కూసునుడుల సాబ్ ఎనిమిది ఖీమా లుఖ్మీలు తింటడు. 'స్నోర్', అంటే గురక. పగటీలి సాబ్ గురక పెడితే నయాపూల్ మీద టాంగా గుర్రాలు బెదురుతయి. ఇంకా రెండు మూడు ఉన్నయి, అవి ఈడ ఆడోళ్ళు లేకున్నా చెప్పను.

అన్నిటికంటే ఘోరమైంది 'కన్సీల్'. అంటే దాచుడు. హకీం సాబ్ ఆయనకు మిఠాయి బంద్ చేసిండు. సాబ్ ఏమో రోజూ జిలేబీ తెప్పించుకొని కానూన్ పుస్తకాల ఎనుక దాస్తడు. ఆ సంగతి నాకూ ఆ పుస్తకాలకూ దప్ప ఎవ్వరికీ ఎరుక లేదు. వివరంగ రాయమన్నది గదా మార్తమ్మ? 'మా సాబ్ జిలేబీ కన్సీల్ చేస్తడు, మూడో అరల, ఎర్ర అట్టల పుస్తకాల ఎనుక' అని పత్తాతోని సహా రాసిన. అంచులు నిండినయి, మూలలు తిరిగినయి, ఆఖరికి కితాబ్ తలకిందులు చేసి గూడ రాసిన.

ఒక నిజం చెప్పాలె. ఆనాటికెళ్ళి తిట్లు పడ్డ దినం మాటలు మస్తు వచ్చేటివి. సాబ్ పైన ఒర్లుతుంటే నేను లోపల ఖుషీ, ఇయ్యాల ఐదు మాటలు పక్కా అని.

ఇగ దసరా వచ్చింది. నవమి నాడు పొద్దుగాల్నే పెద్ద డబల్ రొట్టె కొనుక్కొచ్చి, కితాబ్ ముంగట ఏసుకొని కూసున్న. అంతల్నే అమ్మ వచ్చి కితాబ్ గుంజుకున్నది.

"ఇయ్యాల పనిముట్లు పూజల పెట్టాలె. మీ బాపు పాలచెంబులు పెట్టిండు, నేను కవ్వం పెట్టిన. నీ పనిముట్టు గిదే గదా?"

"అమ్మా, జర ఆగు. అది తుడవాలె!"

"నేను తుడుస్త తియ్యి" అని కొంగుతోని అట్ట తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బియ్యం కుప్ప మీద పెట్టేసింది. మరక పడొద్దన్న కితాబ్‌కు నాలుగు మూలల నాలుగు మరకలు! రేపు జమ్మి ఇంటికొచ్చేదాంక ముట్టద్దట. ముడితే సరస్వతమ్మ అలుగుతదట. నేను ఇంతెహాన్ ముంగట పెట్టుకొని సరస్వతితోని లొల్లి పెట్టుకుంటనా? సరే, ఇంకా రెండు దినాలు సెలవు ఉన్నది గదా అని ఊకున్న. డబల్ రొట్టె ఏం చేసినవ్ అంటరా? పాలల్ల ముంచుకొని తిన్న.

దసరా నాడు పాలపిట్టను చూసినం, జమ్మి తెచ్చుకున్నం. ఇంటికి పోత అంటే ఇనకుంట, ఆలాయ్ బలాయ్ అని నన్ను ఇంటింటికి తిప్పింది ఎవరు? మీరే! ఇందుల మీ తప్పు గూడ ఉన్నది, యాది పెట్టుకోండ్రి. నేను ఇల్లు చేరేసరికి పూజ కాడ బియ్యం కుప్ప మీద కితాబ్ అచ్చు ఉన్నది, కితాబ్ లేదు.

"అమ్మా, కితాబ్ ఏది?"

"మీ బాపు తీస్కపోయిండు బిడ్డా. సాబ్‌కు జమ్మి ఇయ్యబోతూ ఒట్టి చేతులతోని ఏం పోతం అని చెంబెడు నెయ్యి, నీ కితాబ్ పట్టుకపోయిండు. పూజ అయిందంటే పని అయినట్టే గదా. తెచ్చుకున్న సామాను పండుగ నాడు తిరిగి ఇస్తే మర్యాద."

ఉరికిన! చెప్పులు గూడ ఏసుకోలే. శాలిబండ చౌరస్తా కాడ ఎదురుంగ బాపు వస్తుండు. కొత్త ధోతి, భుజం మీద రుమాలు, మా నల్లబర్రె గూడ అంత గ్రేస్‌ఫుల్‌గ నడువదు.

"బాపూ, ఇచ్చినవా?"

"ఇచ్చిన బిడ్డా."

"సాబ్ చేతికేనా?"

"సాబ్ ఇంట్ల లేడు. పనామె తీసుకొని పర్దా ఎనుక బేగం సాబ్‌కే ఇచ్చింది. నేను ఊకుంటనా? 'అమ్మా, మావోడు ఒక్క పేజీ ఇడువకుంట చదివిండు, ఎట్ల రాసుకున్నడో జర చూడుండ్రి' అని చెప్పిన. అన్నిటికంటే ఎక్కువ రాత ఏ పేజీల ఉన్నదో తొవ్వల్నే దేవులాడి, ఆడ జమ్మి ఆకు పెట్టి మరీ ఇచ్చిన."

మా బాపుకు అక్షరం రాదు. గానీ ఏ పేజీల రాత ఎక్కువ ఉన్నదో చూసేందుకు అక్షరం ఎందుకు? తలకిందులుగ గూడ రాసిన పేజీ ఒక్కటే ఉండె!

ఏమన్న అందామని నోరు తెరిచిన. ఆయన మొఖం చూసి మల్ల మూసుకున్న. అంత సంబురం ఆ మొఖం మీద నేను ఎన్నడు చూడలే. దొడ్లకెళ్ళి వచ్చిన చేతులతోని ఆయన నా పుస్తకం ఎన్నడూ ముట్టడు. ఆనాడు మాత్రం స్నానం చేసి, ఆ కితాబ్‌ను రెండు చేతుల మీద పెట్టుకొని శాలిబండ నుంచి సాబ్ ఇంటిదాంక నడిచిపోయిండట. గసుంటి మనిషికి నేనేం చెప్త? "మంచిగ చేసినవ్ బాపూ" అన్న. అనుకుంట కండ్లల్ల నీళ్ళు వచ్చినయి. ఆయన అవి సంబురం నీళ్ళు అనుకున్నడు.

రెండు దినాలు అన్నం సయించలే. కుర్చీ పోయినట్టే, సికింద్రాబాద్ ఆయన వచ్చినట్టే. నా పాత ఉర్దూ నౌకరి గూడ పోతది. బాపు ఏమో గల్లీ గల్లీ తిరిగి, మావోడు ఇంగ్లీష్ గుమస్తా అయితుండు అని చెప్తుండు.

మూడోనాడు పొద్దుగాల కబురు వచ్చింది. దఫ్తర్‌కు గాదు, సాబ్ ఇంటికి రమ్మని.

పోయిన. ముందర అర్రల సాబ్ కూసున్నడు. లోపలి తలుపుకు పర్దా ఉన్నది. బల్ల మీద కితాబ్ ఉన్నది, పసుపు కుంకుమతోని. జమ్మి ఆకు ఇంకా అదే పేజీలకెళ్ళి తొంగి చూస్తుండె. సాబ్ చేతుల గిలాస ఉన్నది, అందుల పచ్చటి కాకరకాయ రసం. ఆ రసం చూడంగనే నాకు సమజ్ అయింది, మూడో అర ఖాళీ అయిందని.

"తెరువు" అన్నడు సాబ్. అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేదు.

తెరిచిన. నా పెన్సిల్ రాత మీద అంత ఎర్ర సిరా! ఆడ తప్పు, ఈడ తప్పు, ఈ మాట ముందు రావాలె, ఆ మాట ఎనుక రావాలె. బడిల పిల్లల కాపీ దిద్దినట్టు ప్రతి వాక్యం దిద్ది పెట్టింది ఎవరో. 'స్నోర్' పక్కన మాత్రం 'శభాష్' అని ఉర్దూల రాసి ఉన్నది. 'కన్సీల్' పక్కన రెండు సవాళ్ళు ఉన్నయి: 'ఎప్పటికెళ్ళి? రోజుకెన్ని?'

పర్దా ఎనుకకెళ్ళి గొంతు వచ్చింది. ఆమె ఉర్దూల మాట్లాడింది, మీకు తెలుగుల చెప్త.

"కితాబ్ నాది గనుక ఇంతెహాన్ నేనే తీసుకుంట. మాట చెప్త, అర్థం చెప్పాలె, వాక్యం గూడ చెప్పాలె. 'మెలాంకలీ'?"

"దిగులు అమ్మా. దూడ పోయిననాడు మా నల్లబర్రె మెలాంకలీగ ఉండె."

"ఠీక్. 'టైరంట్'?"

అర్థం చెప్పిన. ఇంకో వాక్యం ఏదన్న చెప్దామని దిమాక్ అంత దేవులాడిన. రాదు! ఒక్కటి గూడ రాదు! మనిషి యాదుంటే మాట యాదుంటదన్నది మార్తమ్మ. మనిషి యాదుండుడు ఏంది, ఎదురుంగనే కాకరకాయ రసం తాగుతుండు!

"సాబ్, మాఫ్ చేయుండ్రి" అని దండం పెట్టి, "బారిస్టర్ సాబ్ టైరంట్, జుమ్మా నాడు గూడ పనికి పిలుస్తడు" అన్న.

"'పాంపస్'?"

"సాబ్, మాఫ్ చేయుండ్రి. ముందు కడుపు వస్తది..."

గట్ల ప్రతి మాటకు ఒక దండం, ఒక మాఫ్, ఒక వాక్యం. లుఖ్మీలు చెప్పిన, గురక చెప్పిన, గుర్రాలు చెప్పిన. సాబ్ మీసాలు పైకి కిందికి అవుతున్నయి. 'కన్సీల్' అనంగనే నేను తల ఒంచుకొని నిలబడ్డ.

సాబ్ గిలాస కింద పెట్టిండు. "చెప్పు, చెప్పు. మూడో అర" అన్నడు.

పర్దా ఎనుక నవ్వు! ఆపుకొని ఆపుకొని ఒక్కసారి పగిలిన నవ్వు. ఎన్నడు నవ్వని మా సాబ్ గూడ కడుపు ఊగేటట్టు నవ్వబట్టిండు.

"ఇరవై ఏండ్లకెళ్ళి కోర్టుల నిలబడుతున్న" అన్నడు కండ్లు తుడుచుకుంట. "నా మీద గింత పక్కాగ ఎవ్వడు గవాహి చెప్పలే. అర నంబర్ తోని!"

"ముప్పై మాటలు అడిగిన, ముప్పై చెప్పిండు" అన్నది బేగం సాబ్. "వాక్యం కచ్చా ఉన్నది గానీ మాట సచ్చా ఉన్నది. సికింద్రాబాద్ మనిషికి రావద్దని రాయుండ్రి. ఆ రాసుడు గూడ ఇతనే రాస్తడు."

నేను కాళ్ళ మీద పడ్డంత పని చేసి, "అమ్మా, కితాబ్ ఖరాబ్ చేసిన. డబల్ రొట్టె తెచ్చి అంత తుడిచి ఇస్త" అన్న.

"తుడిచినవంటే నౌకరి ఉండదు" అన్నది ఆమె. "చిన్నప్పుడు దొరసాని టీచర్ అంచు మీద ఏలు గూడ పెట్టనియ్యకపోయేది. ఆ కితాబ్ నేను నాలుగుసార్లు చదివిన. నవ్వుకుంట చదివింది ఇదే మొదటిసారి."

చూడుండ్రి, ఆమె మొఖం నేను ఇప్పటిదాంక చూడలే, ఎన్నడు చూడను గూడ. గానీ ఎవరో పాలోళ్ళ పిలగాడు తన మొగన్ని తిడుతూ రాసిన గలీజు రాతను, రెండు దినాలు కూసొని, ఒక్క వాక్యం ఇడువకుంట దిద్దింది. ఆమె ఏలు ఎత్తితే నా బతుకు మల్ల దొడ్లకే పోయేది. అది చేయకుంట నాకు పాఠం చెప్పింది. అప్పటికెళ్ళి రోజూ పొద్దుగాల దీపం ముంగట ఆమె పేరు, మార్తమ్మ టీచర్ పేరు తలుచుకుంట. సాబ్ పేరు గూడ తలుచుకుంట, ఆయన ఒర్లకపోతే నాకు ఇంగ్లీష్ యాడికెళ్ళి వస్తుండె?

బాపుకు అసలు సంగతి ఇంకా చెప్పలే. ఆయన అంటుండు, "చూసినవారా, జమ్మి పెట్టిన పేజీ ఎంత మంచిదైందో!" అని. కాదని ఎట్లంట? నిజమే గదా.

గానీ నౌకరికి రెండు షరతులు ఉన్నయి. బేగం సాబ్ షరతు, వారానికి పది కొత్త మాటలు, పది వాక్యాలు రాసి బాపు పాలచెంబుతోని పంపాలె, ఆమె దిద్ది పంపుతది. సాబ్ షరతు, ఆ వాక్యాలు ఇగ ఆయన మీద రాయద్దు, ఎవ్వరి మీద రాయద్దు. నా మీద నేనే రాసుకోవాలె!

మొదటి పది మొన్న పంపిన. నేను 'డిలిజెంట్', అంటే కష్టపడేటోన్ని అని రాసిన. ఎర్ర సిరా. నేను 'ప్రూడెంట్', అంటే ముందు ఎనుక చూసేటోన్ని అని రాసిన. దాని మీద రెండు గీతలు, ఎర్ర సిరా. తొమ్మిది వాక్యాలు గట్లనే నెత్తురు కారుకుంట వచ్చినయి. పదోది రాసేటప్పుడు కొత్త మాట తోయలే. ఆ నవలల ప్రతి పేజీల కనవడే చిన్న మాట ఒకటి పట్టుకొని 'ఐ యామ్ ఎ ఫూల్' అని రాసి పంపిన.

దాని మీద ఒక్క చుక్క సిరా పడలే. పక్కన మాత్రం 'బిల్కుల్ సహీ' అని రాసి ఉన్నది. ఇంగ్లీష్‌ల నేను తప్పు లేకుంట రాసిన మొట్టమొదటి వాక్యం గదే!